యంత్రముల యెంగిలి

ఎంగిలి యను మాట మన యిండ్లలో మిక్కిలి బలము గలది. అన్నపు మెతుకు మొదలు మంచినీళ్ల చెంబు వఱకు ఆ మాట యంటని వస్తువు లేదు. దానిని బట్టియే పెద్దలు పిల్లలను మందలించిరి. దానిని బట్టియే ఒక మనుష్యుని చేతి నీరు మఱియొక మనుష్యుడు త్రాగరాదని శాసించి, తోటివారిని గడప వెలుపల నిలిపిరి. ఈ రెండవ పనిని మనము విడిచితిమని చెప్పుకొనుచున్నాము. పూర్తిగా విడిచితిమో లేదో, పనికత్తెలకని మన వంటిండ్లలో వేఱుగా నుంచిన గ్లాసులను జూచిన దెలియగలదు. కాని యా దురాచారమును ద్రోసివేయునపుడు, దానిలో చిక్కుకొనియున్న యొక మంచి నియమమును గూడ ద్రోసివేయరాదు. ఒకరు తిన్న పళ్లెమును కడుగకుండ మఱియొకరికి బెట్టరాదు. ఇది కులమును బట్టి పుట్టిన నియమము కాదు. తినబోవువాని యారోగ్యమునకును, తినిపోయినవాని మర్యాదకును సంబంధించినది. పళ్లెములో మిగిలినదానిని జూచి వాడేమి తినెనో, ఏది తినలేక విడిచెనో పరులు తెలిసికొందురు గదా.

ఈ నియమము నేడు వంటింటిని దాటి మఱియొక చోట మనకు గావలసివచ్చినది. మన పిల్లలు సెల్‌ఫోనులలోను, కంప్యూటరులలోను దూరముననున్న స్నేహితులతో గలిసి యాటలాడుచున్నారు. ఆ యాటలను నడుపు యంత్రములు ఒకరి మాటను మోసిన పాత్రను కడుగకయే మఱియొక మాటను దానిలో నింపి పంపుట కలదు. అట్టిచో అడుగున మిగిలినది కూడ వెంటబోవును. ఇంజనీరులు దీనికి పెద్ద పేర్లు పెట్టియుందురు. మా యింటి భాషలో దీని పేరు ఎంగిలి. నేను బడిలో తెలుగు చెప్పి యుద్యోగమును విరమించినదానను. యంత్రవిద్య నాది కాదు. అయినను ఏబది యేండ్లుగా పాత్రలు కడుగుచున్నదానను గనుక, ఈ విషయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకు గొంత యధికారము గలదని తలంచుచున్నాను.

నే నెఱిగిన యొక కుటుంబములో ఇంటరు చదువుచున్న బాలిక యొకతె గలదు. నిరుటి వేసవి సెలవులలో ఆమె తన పినతండ్రి పిల్లలతోను, మేనమామ పిల్లలతోను గలిసి యొక యాట నాడుచుండెను. ఒకరు కడపలో, ఒకరు హైదరాబాదులో, మఱియొకరు బెంగుళూరులో నుండి కూడి యాడదగిన యాట యది. ఆడుచు మాటలాడుకొనుటకు దానిలో రెండు త్రోవలు గలవు. అందఱును జూచునది యొకటి. ఒక్క స్నేహితురాలికి మాత్రమే పోవునది రెండవది. ఒకనాటి సాయంకాలము ఆ బాలిక యందఱికిని "రండి" యని చిన్న పిలుపు పంపెను. మేనమామ కుమారుని తెరపై ఆ పిలుపు చివర, సంబంధము లేని కొన్ని యక్షరములు తోకవలె వ్రేలాడుచు గనబడెను. వానిలో కొన్ని చదువుటకు వీలులేక చెడిపోయినవి. చెడనివి మాత్రము "పెండ్లి నాకిష్టం లేదు" అనియుండెను.

బాలుడు దానిని తల్లికి జూపెను. తల్లి ఆడుబిడ్డకు టెలిఫోను చేసెను. రాత్రి భోజనముల వేళకు మూడిండ్లలో నదియే మాట. ఎవరికి వ్రాసితివి? ఎందులకు వ్రాసితివి? ఇంకెన్ని వ్రాసితివి? ఆడుపిల్లకు ఆటలెందుకని యొకరు, చదువెందుకని మఱియొకరు. ఆమె సెల్‌ఫోనును తీసి బీరువాలో బెట్టి తాళము వేసిరి. కళాశాల మాన్పింతుమనిరి. ఇందఱు పెద్దలలో నొక్కరైనను, ఒక్క స్నేహితురాలికి వ్రాసిన మాట వీని తెరమీది కెట్లు వచ్చెనని యడుగలేదు. నేను మఱునాడు పోయి ఆమె తండ్రితో రెండు గంటలు వాదింపగా కళాశాల మాన్పించు మాట యాగినది. సెల్‌ఫోను మాత్రము బీరువాలోనే యున్నది.

మా యక్క కుమారుడు బెంగుళూరులో ఆటల సర్వరులను వ్రాయు నుద్యోగమున నున్నాడు. చైత్రమాసములో మా ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణమునకు వచ్చినపుడు వానికీ సంగతి జెప్పి, ఆ పిల్ల సెల్‌ఫోనులో దొంగ యెవడైన దూరెనా యని యడిగితిని. వాడు కొంత తడవు ఊరకుండి, "దొంగ యెవుడూ దూరల్యా చిన్నమ్మా. ఎవురూ అడక్కుండానే, మా మాదిరి వాళ్లు రాసిన సర్వరే ఇచ్చి పంపిచ్చింటాది" అనెను. దొంగ లేని దొంగతనమెట్లని నేనడుగగా, ఆనాటి మధ్యాహ్నమంతయు గూర్చుండి వాడు నాకు బోధించినదానిని ఇచట నా మాటలలో వ్రాయుచున్నాను.

ఆటలో పాల్గొనువారందఱకు నడుమ సర్వరను నొక యంత్రము గలదు. ఎవడు ముందునకు గదలెనో, ఎవతె యేమి పలికెనో యన్నియు దానికే చేరును. అది మరల మిగిలినవారికి దెలుపును. తెలుపుట యనగా చిన్న చిన్న పొట్లములు గట్టి పంపుట. వీనినే ప్యాకెట్టులందురు. గుఱిచూచి కాల్చు నాటలలో నీ పంపకము సెకనునకు 64 మారులు, కొన్నింట 128 మారులు జరుగును.

ప్రతి పొట్లమును గట్టుటకు సర్వరు తన స్మృతిలో, అనగా మెమరీలో, కొంత చోటు దీసికొనును. కల్యాణపు సంతర్పణలో విస్తళ్లు వేసినచో ప్రతివానికిని క్రొత్త విస్తరియే. తిన్న పిదప దానిని మడిచి పాఱవేయుదురు. విస్తరికి ఎంగిలి దోషము లేదు. కాని మెమరీ విస్తరి కాదు, పళ్లెము. ఒక పని ముగిసినంతనే యా చోటు ఖాళీ యని గుఱుతు పెట్టబడునే కాని, దానిలోని యక్షరములు తుడువబడవు. తరువాతి పని దానిమీదనే వ్రాయబడును. క్రొత్త వ్రాత పాత వ్రాతకంటె పొట్టిదైనచో పాతదాని తోక మిగిలియుండును. పలకమీది పెద్దమాటను సగమే తుడిచి, ఆ సగములో చిన్నమాటను వ్రాసి తెచ్చిన పిల్లవానిని ఏ పంతులమ్మనడిగినను చెప్పగలదు.

మా వాడు తన కంప్యూటరులో స్వయముగా వ్రాసికొన్న చిన్న సర్వరుతో దీనిని నాకు జూపెను. తెలుగు లిపిని యంత్రములు దాచుకొను పద్ధతిలో ప్రతి యక్షరాంశమునకును మూడు బైటుల చోటు పట్టును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. ఒంటిమిట్ట యను మాటలో ఒ, సున్న, ట, గుడి, మ, గుడి, ట, పొల్లు, ట యని తొమ్మిది యంశములు గలవు గనుక, దానికి 27 బైటులు పట్టును. ఆటగాని పేరు వ్రాయుటకు 32 బైటుల గది యొకటి యేర్పఱుపబడినది. మొదట వచ్చినవాడు తన పేరు ఒంటిమిట్ట యని పెట్టుకొని, ఆడి, వెడలిపోయెను. అదే గదిలో రెండవవానికి రాము అను పేరు వ్రాయబడెను. ర, దీర్ఘము, మ, కొమ్ము. నాలుగంశములు, 12 బైటులు. పేరు ముగిసినదనుటకు గుఱుతుగా 13వ బైటులో నొక శూన్యము నుంచిరి. ఆ శూన్యము పాత మకారపు మొదటి బైటును నలిపివేసెను. కాని 16వ బైటు మొదలు 27వ బైటు వఱకు పాత గుడియు, టకారమును, పొల్లును, టకారమును చెక్కుచెదరక నిలిచియున్నవి. సర్వరు రాము పేరును పంపునపుడు 12 బైటులు మాత్రము పంపక, గది గదినంతయు నెత్తి పొట్లములో బెట్టెను. పొట్లమును విప్పి బైటులను వరుసగా జూపు పరికరములో, రాము వెనుక మా యూరి పేరు తోకను నేను గన్నులార జూచితిని. రామునకు ఒంటిమిట్ట యెవరో తెలియదు. ఒంటిమిట్ట యని పేరు పెట్టుకొన్నవానికి తన పేరు తోక రాము వెంట బోయినదని యెన్నటికిని తెలియదు.

సాధారణముగా తెర యా శూన్యమును జూచి యచటనే నిలిచిపోవును గనుక, మిగిలినది ఆటగాని కంటికి గానరాదు. పొట్లమును విప్పి చూచు నేర్పు గలవానికి మాత్రమే కానవచ్చును. ముగింపు గుఱుతును పెట్టుట వ్రాసినవాడు మఱచినచో, తెర యాగక ముందునకు జదివి, పాత మాటను కూడ చూపివేయును. ఆ బాలిక విషయమున నిట్లే జరిగియుండునని మా వాని యూహ.

ఇది పేర్లకును, మాటలకును మాత్రమే పరిమితమైన చిక్కు కాదు. ఒక బైటు పట్టు చిన్న యంకె తరువాత నాలుగు బైటులు పట్టు పెద్ద యంకె నుంచినపుడు, యంత్రమునకు అనుకూలముగా నుండుటకై నడుమ మూడు బైటుల సందు విడువబడుట సామాన్యము. అంకెలు రెండును సరిగానేయుండును. వ్రాసినవాడు వానిని వ్రాసితినని తృప్తి పడును. ఎవరును వ్రాయని యా సందులో పాత సరకు కూర్చుండి ప్రయాణము సేయును. చూచుటకు పాత్ర నిండియున్నట్లే కనబడును గాని, నింపినవాడు ఆ సందును ముట్టనే లేదు.

అట్లయిన కడుగరాదా యని నేనడిగితిని. కడుగవచ్చును. 1970ల మొదట బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ నిర్మించిన సీ యను భాషలో నేటికిని అనేకములైన సర్వరులు, వాని క్రింది పునాదులు వ్రాయబడియున్నవి. ఆ భాషలో చోటడుగుటకు రెండు విధములు వాడుకలో నున్నవి. మాలాక్ అని యడిగిన ఉన్నది ఉన్నట్లే యిచ్చును. కాలాక్ అని యడిగిన శూన్యములతో గడిగి యిచ్చును. మొదటిది కొంచెము వేగమైనది. వేగమే ప్రాణమైన యాటల పనిలో చాలమంది దానినే పట్టుకొందురు. ఒక పొట్లము పట్టునంత చోటును గడుగుటకు నేటి యంత్రములకు పట్టు కాలము ఇంచుమించు సెకనులో కోటవ వంతని వాడు లెక్కవేసి చెప్పెను. ఈ కోటవ వంతును మిగుల్చుకొనుటకే ఒక్కొక్కపుడు ఒకరి రహస్యము వీథిలో బడుచున్నది.

ఇంకొక సంగతి వానివలన దెలిసినది. కంప్యూటరును ఏలు మూలవ్యవస్థ, ఒక ప్రోగ్రాము విడిచిన చోటును వేఱొక ప్రోగ్రామునకు ఇచ్చునపుడు కడిగియే యిచ్చును. అనగా ఒక యింటి పాత్ర మఱియొక యింటికి బోవునపుడు కడుగబడుచునే యున్నది. ఇంటిలోపల మాత్రము ఆ నియమము లేదు. మనవారి పళ్లెమే కదా యను ధీమా. కాని సర్వరను నీ యిల్లు ఎట్టిది? వేలకొలది యన్యులు పూటపూటకు వచ్చి భుజించిపోవు సత్రము. సత్రములో ఇంటి ధీమా చెల్లదు.

ఇదంతయు నేర్పు చాలని క్రొత్తవారు చేయు తప్పు కాబోలని చదువరులు తలంపవచ్చును. చరిత్ర యట్లు చెప్పుట లేదు. తీగల మీద కంప్యూటరులను గలుపు ఈథర్నెట్టు పద్ధతిలో, ఒక పొట్లములో కనీసము 46 బైటుల సరకు ఉండవలెను. అంతకు తక్కువైనచో మిగిలిన చోటును శూన్యములతో నింపవలెనని 1984లోను, 1988లోను వెలువడిన నియమపత్రములు చెప్పుచున్నవి. ఆటగాడు పంపు చిన్న కదలిక కొన్ని బైటులే యుండవచ్చును. దాని పైచుట్టు కాగితముల వంటి తలకట్టులకు తఱచుగా 28 బైటులు పోవును గనుక, 18 బైటులకు తగ్గిన ప్రతి సందేశమునకును ఈ నింపుడు తప్పదు. 2003 జనవరిలో ఆఫిర్ ఆర్కిన్, జోష్ ఆండర్సన్ అను నిరువురు పరిశోధకులు పరీక్షించి, అనేక యంత్రములు శూన్యములకు బదులు తమ మెమరీలో మిగిలిన పాత సరకుతో నా చోటును నింపుచున్నవని ప్రకటించిరి. దీనికి ఈథర్‌లీక్ అని పేరు వచ్చినది. ఆ సరకు అదే తీగల కూటమిపై నున్న పొరుగు యంత్రములకు మాత్రమే అందును గనుక ఆపద కొంత మితమైనది. కాని నియమము వ్రాసి పదునెనిమిదేండ్లు గడిచినను పాత్ర కడుగబడలేదన్నది గమనింపదగినది.

2014 ఏప్రిలు 7వ తేదీన వెల్లడియైనది ఇంతకంటె ఘోరము. బ్యాంకులును, అంగళ్లును, ఉత్తరములును రహస్యముగా నడచుటకు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను సాధనమును లోకమంతట వాడుచున్నారు. అందులో నీవింకను బ్రదికియున్నావా యని ఒక యంత్రము మఱియొకదాని నడుగు చిన్న పలకరింపు గలదు. అడుగునది కొన్ని యక్షరములు పంపి, ఇవి యిన్ని గలవు, వీనినే మరల పంపుమనును. సోలెడు పోసి పుట్టెడు పోసితిననువాని మాటను నమ్మి, కొలువకయే పుట్టెడు తిరిగి కొలిచియిచ్చిన షాహుకారువలె, ఆ సాధనము చెప్పిన లెక్కను నమ్మి, తక్కువపడినదానిని తన మెమరీలోని పొరుగు సరకుతో నింపి పంపుచుండెను. ఒక్కొక్క పలకరింపునకు 64 వేల బైటుల దాక బయటికి బోవుచుండెను. 2012 మార్చిలో వెలువడిన కూర్పులో జొరబడిన యీ లోపమును, రెండేండ్ల తరువాత గూగుల్ సంస్థకు జెందిన నీల్ మెహతాయు, ఫిన్లాండు దేశపు కోడెనామికాన్ సంస్థవారును వేఱువేఱుగా గనుగొనిరి. దీనిని హార్ట్‌బ్లీడ్ అందురు. లోపము వెల్లడియైన కొలది దినములలోనే కెనడా దేశపు పన్నుల శాఖనుండి 900 మంది పౌరుల సంఖ్యలు తీసికొనిపోబడినవి.

2017 ఫిబ్రవరిలో క్లౌడ్‌ఫ్లేర్ అను సంస్థ సర్వరులలో నిట్టిదే మఱియొకటి బయటపడెను. హద్దును చేరితివా యని పరీక్షించుటలో, హద్దుతో సమానమా యని మాత్రమే యడిగి, హద్దు దాటితివా యని యడుగకపోవుటయే దానికి కారణము. ఒక్క యడుగు దాటినంతనే యా పరీక్ష దానిని గుర్తింపలేదు. ఒకరి పుటల చివర మఱియొకరి రహస్యములు చేరి, వెదకెడి యంత్రముల నకళ్లలో గూడ నిలిచిపోయినవి. గూగుల్‌కు జెందిన టావిస్ ఆర్మండీ దానిని గనుగొనిన పిదప, ఆ నకళ్లను వెదకి తుడుచుటయే యొక పెద్ద పనియైనది.

ఈ కథలలో నొక్క విషయమును చదువరులు గమనింపగోరెదను. పన్నుల సంఖ్యలు పోయిన కెనడా పౌరులను, నీకు సంఖ్య యెందుకు గలదని యెవరును నిందింపలేదు. రహస్యపదము బయటపడినవానిని, నీవు రహస్యము నేల పెట్టుకొంటివని యెవరు నడుగలేదు. పాత్రను కడుగనివారినే అడిగిరి. వారును మేము కడుగలేదని యొప్పుకొని దిద్దుకొనిరి. మన యిండ్లకు వచ్చుసరికి న్యాయము తలక్రిందులగుచున్నది. మాట బయటపడినది ఆడుపిల్లదైనచో, బయటపెట్టినవాని జోలికి బోక, మాట గలిగియుండుటయే నేరముగా నెంచుచున్నాము. పూర్వము కోడలికి వచ్చిన యుత్తరమును అత్తగారు విప్పి చదివి, తరువాత కోడలినే నిలదీసెడి ఆచారము మనకు గలదు. ఆ యుత్తరపు కవరు నేడు తెరయైనది. ఆచారము మాత్రము మాఱలేదు.

తోకను జూచి తలను నిశ్చయించుట యెంత ప్రమాదమో మా యూరివారికైన దెలిసియుండవలెను. మా గుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలపై వెలసియుండుటచే ఒంటిమిట్టకు ఏకశిలానగరమను పేరు గలదు. ఓరుగల్లునకును అదే పేరు గలదు. ఈ యొక్క పేరును ఆధారముగా జేసికొని, పోతన మావాడని ఒక సీమవారును, కాదు మావాడని మఱియొక సీమవారును ఎన్ని యేండ్లు వాదించుకొనిరో సాహిత్యము చదివినవారెఱుగుదురు. పూర్తియైన పేరునకే ఇంత తగవు గలుగగా, తల తెగిన మాటను బట్టి తీర్పు చెప్పవచ్చునా? రాము వెనుక నేను జూచిన తోక మిట్ట కావచ్చును, పిట్ట కావచ్చును, గిట్ట కావచ్చును. ఆ బాలిక మాట తనదే కావచ్చును. స్నేహితురాలు చెప్పినదానిని తిరిగి వ్రాసినది కావచ్చును. ఏ సినిమాలోని పలుకో కావచ్చును. నేనామెను అడుగలేదు. అడుగుటకు నాకధికారము లేదు. తనదేయైనను, తన పెండ్లి తనకిష్టము లేదని స్నేహితురాలికి వ్రాసికొను స్వాతంత్ర్యము పదునేడేండ్ల పిల్లకు లేదనువాడు, మనము నూఱేండ్లకు పైగా స్త్రీవిద్యను గూర్చి పలికినదంతయు వ్యర్థమనుచున్నాడు.

ఆటలో నేమి రహస్యముండునని యొక పెద్దమనిషి నాతో ననెను. చావడిలో పులిజూదమాడు మగవారు ఆట మాత్రమే యాడుదురా? ఊరి మంచిచెడ్డలు, అప్పులు, సంబంధములు అన్నియు నచటనే మాటలాడుకొందురు. చావడి యరుగు లేని యాడుపిల్లలకు ఈ యాటయే యరుగైనది. బయటికి బోయి కూర్చుండ ననుమతి లేనిచో, వారి మాటలన్నియు దీనిలోనే చేరును. కావున యాటను నడుపువాని బాధ్యత బ్యాంకు నడుపువానికంటె తక్కువది కాదు.

న్యాయము కొంత మేలుకొన్నది. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టులో తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము, జస్టిస్ పుట్టస్వామి తెచ్చిన వ్యాజ్యములో, వ్యక్తి యొక్క గోప్యత రాజ్యాంగమిచ్చిన ప్రాథమికహక్కని యేకగ్రీవముగా జెప్పినది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును జేసినది. 2025 నవంబరులో దాని నియమములు ప్రకటింపబడి, దశలవారీగా అమలునకు వచ్చునట్లు గడువు లేర్పఱుపబడినవి. సమాచారమును గాపాడుటకు తగిన జాగ్రత్త తీసికొనని సంస్థకు 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా వేయవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల యనుమతి కావలెనని కూడ చెప్పుచున్నది. ఆ యనుమతి యిచ్చు తల్లిదండ్రులు, అది పిల్లలను గాపాడుటకిచ్చిన యధికారమని గ్రహింపవలెను. పిల్లల వెనుక మిగిలినదానిని ఏరి చదువుటకు గాదు.

ఇక చేయవలసినదేమి? యంత్రవిద్య నేర్చిన మన బిడ్డలు నేడు లోకమంతట నిట్టి సర్వరులను వ్రాయుచున్నారు. కడప సీమనుండియు బెంగుళూరు, హైదరాబాదులకు బోయి యీ పనిలో జేరినవారు గలరు. వారికి మా యక్క కుమారుడు చెప్పిన మూడు మాటలను నేను తిరిగి చెప్పుచున్నాను. నింపుటకు ముందు పాత్రను కడుగుడు. నింపినంత మేరకే పంపుడు, గది గదినంతయు బంపకుడు. ఎదుటివాడు చెప్పిన లెక్కను నమ్మక మీరే కొలువుడు. 2015లో మొదటి స్థిరమైన కూర్పు వెలువడిన రస్ట్ వంటి భాషలు, మామూలు వ్రాతలో కడుగని పాత్రను ముట్టనే ముట్టనీయవు. 2019లో లైనక్సు 5.3వ కూర్పు, ఇచ్చునపుడును పుచ్చుకొనునపుడును మెమరీని గడుగు నేర్పాటును వాడుకవారి యిష్టమునకు విడిచినది. సాధనములున్నవి. వాడు మనస్సు కావలెను.

గృహములలోని మనము చేయదగినది గూడ గలదు. ఆటలకును, సెల్‌ఫోనులకును వచ్చు దిద్దుబాట్లను వాయిదా వేయక చేర్చుకొనవలెను. అనేక లోపములు వానితోనే పోవును. తెరమీద సంబంధము లేని మాట గనబడినచో, తేదీయు వేళయు గుఱుతు పెట్టుకొని, ఆట చేసినవారికి వ్రాయవలెను. వారు పలుకనిచో, ఇట్టి లోపములను విచారించుటకు 2004 నుండి మన ప్రభుత్వమున పనిచేయుచున్న సెర్ట్-ఇన్ అను శాఖ గలదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ మాటను ఇంకొకరికి జూపరాదు. పొరుగింటి పళ్లెము తప్పి మన వాకిట బడినచో, దానిలోని మెతుకులను లెక్కించు ఇల్లాలు లేదు. బోర్లించి తిరిగి పంపును. మాటలకును అంతియే మర్యాద. పిల్లలకు మనము మొదట నేర్పవలసినది కూడ నిదియే. మేనమామ కుమారుడు ఆ తోకను తల్లికి జూపుటకు మాఱుగా, "నీ మాట ఏదో నా తెర మీదికి వచ్చింది, చూసుకో" యని ఆ బాలికకే చెప్పియుండినచో, మూడిండ్లలో నా రాత్రి యన్నము చల్లారియుండెడిది కాదు.

పెద్దలకు నేను చెప్పునది యొక్కటియే. ఇట్టి మాట మీ కంటబడినపుడు, ఇది యిచటి కెట్లు వచ్చెనని మొదట నడుగుడు. ఆ ప్రశ్నకు సరియైన యుత్తరము దొరకువఱకు రెండవ ప్రశ్నను ఆపుడు. దొరకిన పిదప, ఆ రెండవ ప్రశ్న యడుగుట మీకు మర్యాదగా దోచునేమో చూచుకొనుడు.

ఈ సంచిక చేతికి వచ్చినంతనే యొక ప్రతిని ఆ బాలిక తండ్రిగారికి పంపదలచితిని. ఆయన చదువుకొన్నవారు, ఈ పత్రికకు పాత చందాదారు కూడ. బీరువా తాళపుచెవి ఆయన యొద్దనే యున్నది.